పగులులో రంగు

రంగు లోపలికి దిగిందా లేదా, అడగాల్సింది అదొక్కటే, మిగతావన్నీ మాటలు, మాటలు ఎప్పుడైనా ఎవరైనా పుట్టించుకోవచ్చు, పగులు ముందు వచ్చి రంగు తరవాత పడితే ఆ రంగు అంచుల మీదుగా లోపలికి జారుతుంది, రంగు ముందు వేసి ఉండి పగులు తరవాత వస్తే అంచులు అప్పుడే విరిచిన సుద్దముక్కలా పొడిగా తెల్లగా ఉంటాయి, ఇరవై ఏడేళ్ళుగా ఈ ఒక్క ముక్కతో అన్నం తింటున్నాను, దీన్ని నాకు నేర్పిన ముసలి బీమా సర్వేయరు, గోడలు అబద్ధం చెప్పవోయ్, నోరు లేదు కాబట్టి, అనేవాడు, అన్న ప్రతిసారీ తనే మొదట నవ్వేవాడు, ఇప్పుడు ఈ కుట్టుపని ఆవిడ ముందుగదిలో, కూలిపోగా మిగిలిన గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంలోంచి చూస్తే రంగు లోపలే ఉంది, గోరంత లోతున, లేతాకుపచ్చ రంగు, చక్కగా ఆరి గట్టిపడి ఉంది, అంటే పగులు పాతది, అంటే పక్క స్థలంలో కాంట్రాక్టరు గొయ్యి తవ్వకముందే ఉన్నది, ముందే ఉన్న లోపానికి కాంట్రాక్టరు పాలసీ వర్తించదు, అంటే ఆవిడ ఇల్లు బీమా కంపెనీ కట్టించదు, కట్టించే స్తోమత కాంట్రాక్టరుకు లేదు, పది నిమిషాల్లో తేలిపోయింది, ఇంత సులువుగా తేలినందుకు ఎక్కడో చిన్న అసంతృప్తి, మొదటి ఎత్తుకే గెలిచిన చదరంగంలాగా.

వెనక ఆవిడ నిలబడి ఉంది, చెప్పుల చప్పుడును బట్టి తెలుస్తోంది, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటోంది, ఏమండీ సర్వేయరు గారూ, ఇందాకట్నించీ నా గోడనే చూస్తున్నారు, పక్కన పన్నెండడుగుల గొయ్యుంది, దానికి కూడా ఓసారి ఆ అద్దం పెట్టకపోతే చిన్నబుచ్చుకుంటుందేమో, అంది, గొయ్యి పొద్దున్నే కొలిచానమ్మా అన్నాను, కొలిచారు సరే, అదేమంది మరి, నాకేం తెలీదు, నేను వచ్చేసరికే గోడ కింద పడుందందా, అంది, మాట్లాడుతూనే కిందపడ్డ ఒక గుండీ ఏరుకుని జేబులో వేసుకుంది, మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గుండీలు కొనడానికి వీధి చివరి దాకా వెళ్ళిందట, తిరిగి వచ్చేసరికి గోడ మూల కూలి మిషను మీద పడి ఉందట, ఆ పన్నెండు గుండీలే నన్ను బతికించాయండీ, లేకపోతే మీరు ఈ అద్దం నా మొహాన పెట్టి చూసేవారు, అని చెప్పింది ఉదయం, నవ్వుతూనే చెప్పింది కానీ చెప్పినంతసేపూ కొలత టేపు చూపుడువేలికి చుడుతూ విప్పుతూ ఉంది, ఈ ఇంట్లో ఉండకూడదని తలుపు మీద నోటీసు అంటించారు, రాత్రిళ్ళు వాళ్ళ అక్క ఇంట్లో పడుకుంటోంది, పగలు మాత్రం ఇక్కడికే వచ్చి కూలని సగంలో కత్తిరింపు బల్ల వేసుకుని కుడుతోంది, చేతి కుట్టు, స్కూలు యూనిఫారాలు, నేను ఒకసారి ఉండకూడదు కదమ్మా అంటే, ఉండటం లేదుగా, కుడుతున్నాను, అంది.

గుమ్మం దగ్గర కాంట్రాక్టరు, లోపలికి రాడు, బయటికి పోడు, యాభై దాటిన మనిషి, మేస్త్రీగా మొదలుపెట్టి పైకి వచ్చినవాడు, ఇప్పటికీ పనివాళ్ళు పెద్దమేస్త్రీ అనే పిలుస్తారు, వెనక జేబులో గోడల వాలు చూసే రసమట్టం, కూర్చున్నప్పుడు గుచ్చుకోదా అని అడిగితే కూర్చునే అలవాటు లేదు సార్ అన్నాడు, ఈయనకున్న పాలసీ ముప్పై ఒక్క పేజీలు, కట్టేటప్పుడు ఆ కట్టడమే కూలితే ఒక భాగం, పనివాళ్ళకు దెబ్బ తగిలితే ఒక భాగం, పక్కవాళ్ళ ఆస్తికి నష్టం వస్తే ఒక భాగం, ఇప్పుడు తలుపు తట్టేది ఆ మూడో భాగాన్నే, చదివారా అని అడిగాను, ఎవరు చదువుతారు సార్, ఇల్లు కట్టేవాడు చదవడు, చదివేవాడు ఇల్లు కట్టడు, అన్నాడు, తవ్వకం మొదలుపెట్టే ముందు పక్కింటి గోడలకు లోపలా బయటా ఫోటోలు తీసుకోవాలని పదకొండో పేజీలో ఉంది, బయట తీశాడు, లోపల తీయలేదు, లోపల గదిలో జనం కొలతలిచ్చుకుంటుంటే ఫోటోలేంటండీ, నా బేరం పోవాలనా, అని నేనే తరిమేశాను, అని ఆవిడే ఒప్పుకుంది, అదీ సంగతి, ఆ ఒక్క ఫోటో ఉంటే నేను ఇప్పుడు మోకాళ్ళ మీద ఉండేవాణ్ణి కాదు, పంతొమ్మిదో పేజీలో ఇంకోటి ఉంది, పాలసీ తీసుకున్నవాడు కంపెనీని అడక్కుండా తప్పు ఒప్పుకోకూడదు, ఎవరికీ మాట ఇవ్వకూడదు, మరమ్మతు చేయించకూడదు, ఇది నాకు కంఠతా వచ్చు, ఏడాదికి రెండుసార్లు కంపెనీ వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు వేసి కాంట్రాక్టర్లను కూర్చోబెడితే నేనే చెప్తాను, ప్రమాదం జరిగిన చోట నోరు జారకండి, మా వల్లే జరిగింది అన్న మాట మీ నోట రాకూడదు, ఒకసారి వెనక వరసలోంచి ఒకాయన లేచి మనిషి కింద పడి మూలుగుతున్నా అనకూడదా అని అడిగాడు, అయ్యో అనొచ్చు, మా వల్లే అనకూడదు, అన్నాను, హాలంతా నవ్వారు, అప్పట్నుంచి ప్రతి హాల్లోనూ ఆ ముక్క చెప్తున్నాను, ఎవరూ అడగకపోయినా అడిగారని చెప్పి మరీ, మా ఆవిడ ఒకరోజు, మీరు ఇంట్లో గ్లాసు పగిలితే ఎవరు పగలగొట్టారని అడగరు, ఎప్పుడు పగిలిందని అడుగుతారు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాదే పొరపాటు అనలేదు, మనింటికి కూడా పాలసీ ఏదైనా తీసుకున్నారా ఏంటి, అంది, ఆ మాటకు నేను నవ్వాను, తను నవ్వలేదు.

మోకాలు నొప్పి పుట్టి సంచీ మీదికి జరిగాను, సంచీలో కాగితాలు నలిగిన చప్పుడు, తమ్ముడి ఫారం, నిన్న సాయంత్రం వచ్చి ఇచ్చి వెళ్ళాడు, ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు కట్టే ఇళ్ళకు తలుపులు కిటికీలు చేసిపెట్టినవాడు ఇప్పుడు యాభై నాలుగేళ్ళకు మొత్తం ఇల్లే ఒప్పుకున్నాడు, మొదటి కాంట్రాక్టు, బీమా కాగితం చూపిస్తే గానీ పని మొదలుపెట్టొద్దన్నారట ఇంటివాళ్ళు, ఎనిమిది పేజీల ఫారం పెన్సిలుతో నింపుకొచ్చాడు, తప్పులుంటే చెరిపెయ్యి అన్నయ్యా, చెరిపేయడానికి వీలుగానే రాశాను, అన్నాడు, తొమ్మిదో ప్రశ్న, గతంలో మీ పనిచోట ఎవరికైనా గాయమైందా, ఎప్పుడు, ఎలా, కారణం, ఏడాది రాశాడు, కుడిచేతి చివరి రెండు వేళ్ళు అని రాశాడు, కారణం దగ్గర ఖాళీ, ఇదేంట్రా వదిలేశావు అంటే, అది నువ్వు రాయి, కారణాలు రాసేవాడివి నువ్వే కదా, అని మిగిలిన మూడు వేళ్ళతో టీ కప్పు పట్టుకుని తాగాడు, వాడు కప్పు పట్టుకుంటే నేను గోడ మీద క్యాలెండరు చూస్తాను, ముప్పై నాలుగేళ్ళుగా ఏ ఇంట్లో ఏ క్యాలెండరు ఉందో నాకు బాగా తెలుసు.

కారణం, ఖాళీ, సరే, అది తరవాత, ముందు ఈ గోడ, మళ్ళీ వంగాను, ఎందుకు వంగానో తెలీదు, తేలిపోయిన దాన్ని రెండోసారి చూడటం నా అలవాటు కాదు, భూతద్దం దగ్గరికి, టార్చి పక్కనుంచి, లేతాకుపచ్చ, దాని కింద తెల్లటి పూత, దాని కింద ఇటుక అంచు, ఏదో లేదు, ఉండాల్సింది ఏదో లేదు, పుట్టుమచ్చ లేని కవలలాగా, అదే మొహం కానీ ఆ మనిషి కాదు, దుమ్ము, దుమ్ము లేదు, ఆరేళ్ళో పదేళ్ళో ఉన్న పగులులో దుమ్ము ఉంటుంది, సాలెపోగు ఉంటుంది, ఏదో ఒక పురుగు కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్ళిన గుర్తు ఉంటుంది, రంగు పడితే ఆ మురికి మీదే పడుతుంది, కానీ ఈ రంగు శుభ్రమైన అంచు మీద పడింది, కడిగిన పళ్ళెంలాంటి అంచు మీద, అంటే పగులు వచ్చిన కొద్ది రోజులకే ఎవరో పూడ్చి రంగు వేశారు, ఆ పూడ్చిన చోటే పగులు మళ్ళీ విచ్చుకుంది, అమ్మా ఈ గదికి రంగు ఎప్పుడు వేశారు అని అడిగాను, తల తిప్పకుండానే, ఆరేళ్ళయ్యుంటుందండీ, అంది ఆవిడ, అని ఆగి, అయ్యో అది కాదు, మొన్న నెల కిందట ఈయనే వేయించారుగా, మా చెల్లికి ఆపరేషనని నేను పది రోజులు వెళ్ళాను, నీళ్ళ పైపు చూడాలంటే తాళంచెవి ఈయనకే ఇచ్చి వెళ్ళాను, మీ దుమ్మంతా నా గోడల మీదే అని పోట్లాడి మరీ వెళ్ళాను, వచ్చేసరికి ఈ గోడ కొత్త పెళ్ళికూతురిలా ఉంది, తిట్టు తిని కూడా రంగు వేయించాడు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను, అక్కతో కూడా చెప్పాను.

లేచి నిలబడ్డాను, మోకాళ్ళు దులుపుకున్నాను, కాంట్రాక్టరు తేలు కుట్టిన దొంగలా గుమ్మాన్ని పట్టుకుని ఉన్నాడు, నేనేమీ అడగలేదు, అడగకపోవడం కూడా నా వృత్తిలో ఒక పనిముట్టే, టేపులాగా, టార్చిలాగా, మౌనం ఎక్కువసేపు పట్టుకుంటే అవతలివాడు దాన్ని నింపుతాడు, మా ఏజెంటు ఆ రంగు మాట ఎత్తొద్దన్నాడు సార్, అని మొదలుపెట్టాడు, ఆవిడ లేనప్పుడు పైపు చూద్దామని వచ్చాను, చూస్తే ఇక్కడ, మూల దగ్గర, సన్నగా, వెంట్రుకంత, నా గుండె జారిపోయింది, తవ్వి అప్పటికి పదమూడు రోజులు, గోతివైపు ఇంకో రెండు దూలాలు అడ్డం పెట్టించాను, ఇక్కడ పగులు పూడ్పించి రంగు కలిపించి వేయించాను, ఆ రంగు కలవడానికి మా పెయింటరు మూడుసార్లు తిరిగాడు సార్, ఆవిడ వచ్చి చూస్తే బెదిరిపోతుంది, మిషను ఆపేస్తుంది, ఇంకెక్కడా పని చేసుకోలేని మనిషి, అని, చెడ్డ ఉద్దేశం కాదు సార్, ఇప్పుడు చూడండి, రంగు నేను వేశానంటే అడక్కుండా మరమ్మతు చేశావు అని పాలసీ పోతుంది, వేయలేదంటే పగులు పాతదని పాలసీ పోతుంది, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ పన్నెండడుగులు, అని నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలో ఇరుక్కుపోయింది, నా చేతిలో కలం చూసి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఏమో సార్, నిజంగా ఆ పగులు అంతకుముందే ఉందో అప్పుడే వచ్చిందో నాకూ సరిగ్గా గుర్తులేదు, మర్చిపోయాను, ఆవిడకు ఏది మేలైతే అది రాయండి, అన్నాడు.

మర్చిపోయాను, ఆ మాట గదిలో అలా నిలబడింది, నేను దాన్ని ఇంకెక్కడో విన్నాను, ఇదే అలసటతో, ఎవరికో ఏదో సౌకర్యం చేస్తున్నట్టు, ఆస్పత్రిలో, వరండాలో డెట్టాలు వాసన, కానీ ఆవిడ అప్పటికే అందుకుంది, మర్చిపోయారా, ఏం బాబూ, రంగు కలపడానికి మూడుసార్లు తిరిగారని గుర్తుంది, పగులెప్పుడు చూశారో గుర్తులేదా, నాకు పదేళ్ళ కిందట కుట్టిన చొక్కా తెచ్చి ఇది నువ్వు కుట్టిందేనా అంటే కళ్ళు మూసుకుని దారం ముడి తడిమి చెప్పేస్తాను, ముడి వేసిన చేతికి తెలీదా, వేసిందో లేదో, అంది, అని కూలిన గోడ దగ్గరికి వెళ్ళి పగులు మీద వేలు పెట్టింది, పైనుంచి కిందికి రాసింది, గుడ్డకు అతుకు వేస్తే చీకట్లో కూడా పట్టుకుంటాను, గోడకు అతుకు వేస్తే పట్టుకోలేకపోయాను, నెల రోజులు దీనికి వీపు ఆనించి కుట్టాను కదండీ, ఒక్క మాట చెప్పుంటే మిషను ఆ గోడకేసి జరుపుకునేదాన్ని, అంది, కాంట్రాక్టరు, మీరు భయపడతారని అమ్మా, అన్నాడు, నా భయం నన్ను పడనివ్వాలి కదా బాబూ, అంది ఆవిడ, గట్టిగా కూడా అనలేదు, అని వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించుకుంది, ఒక్కసారికే ఎక్కింది.

కాంట్రాక్టరు టీ తెస్తానని బయటికి వెళ్ళాడు, ఆవిడ బల్ల రెండో కొసన కాస్త చోటిచ్చింది, నా కాగితాలు పరుచుకున్నాను, ఒక పక్క నీలం చొక్కా చేతులు, ఒక పక్క నా నివేదిక, ఆవిడ సూది గుడ్డలోకి దిగి పైకి వస్తున్న చప్పుడు, చాలా చిన్న చప్పుడు, వినాలనుకుంటేనే వినిపించేది, రాయడం నాకు కష్టం కాదు, ఎప్పుడూ కాలేదు, గుడ్డ ముక్క ఒకటి నేల మీద పడి ఉంది, ఎర్రటిది, యూనిఫారం జేబుకు వేసే అంచు అయ్యుంటుంది, ఎర్రగుడ్డ, ఇంటి ముందు మా నాన్న వడ్రంగి వర్క్‌షాపులో కూడా ఒకటి ఉండేది, పెద్ద రంపపు యంత్రం, దాని మీట గోడకు, చేయంత ఇనుప మీట, ఎత్తితే రంపం తిరుగుతుంది, దించితే ఆగుతుంది, నాన్న చదువుకోలేదు కానీ ఒక చట్టం చేశాడు, రంపం పళ్ళ దగ్గర చెయ్యి పెట్టేవాడు ముందు మీట దించాలి, మీట పిడికి ఎర్రగుడ్డ కట్టాలి, కట్టినవాడే విప్పాలి, గుడ్డ ఉన్నంతసేపు దేవుడొచ్చినా మీట ముట్టుకోకూడదు, ఇంకెవడైనా విప్పాడంటే వాడి చేతులు విరుస్తాను అనేవాడు, నాకప్పుడు ఇరవై రెండు, తమ్ముడికి ఇరవై, నాకు ఆ రోజు మధ్యాహ్నం ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది, దారిలో సైకిలు గొలుసు ఊడింది, ఎక్కించుకుని చేతులు నల్లగా చేసుకుని ఇంటికి తిరిగి వచ్చాను, వర్క్‌షాపులో ఎవరూ కనబడలేదు, చెక్కలు పేర్చి ఉన్నాయి, వాటి అవతల ఎవరున్నా కనబడరు, మీటకు గుడ్డ ఉంది, తమ్ముడు తరచూ పని అయిపోయాక గుడ్డ విప్పడం మరిచేవాడు, పొద్దుటిది అలాగే ఉండిపోయిందనుకున్నాను, అనుకున్నానా, లేక అలా అనుకున్నానని తరవాత అనుకున్నానా, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో అనుకుంటూ ముడి విప్పాను, ఆ గుడ్డతోనే చేతులు తుడుచుకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి నడిచాను, కుళాయి తిప్పాను, నీళ్ళ చప్పుడు, నాన్న లోపలికి వచ్చినట్టు దగ్గు వినిపించింది, గుడ్డ లేదు కదా, ఆయన చట్టం ప్రకారం మీట ఎత్తాడు, నీళ్ళ చప్పుడులో ఇంకో చప్పుడు కలిసింది.

గుడ్డను పెరటి కాలవలో పడేశాను, అది తేలుతూ పోయింది, అప్పుడు పరిగెత్తాను, ఈ వరస నాకు స్పష్టంగా తెలుసు, ముందు పడేయడం, తరవాత పరిగెత్తడం, ఆస్పత్రి వరండాలో నాన్న గోడకు తల ఆనించుకుని, గుడ్డెందుకు కట్టలేదురా, ఒక్క గుడ్డముక్కరా, అని అడిగాడు, తమ్ముడు మంచం మీంచి, మర్చిపోయాను నాన్నా, అన్నాడు, నేను అక్కడే ఉన్నాను, గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు పట్టుకుని, నోరు తెరవలేదు, తెరవాల్సిన అవసరం లేకుండా పోయింది, వాడే అనేశాడు కదా, తరవాత నాన్న బతికిన పదకొండేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, ఒక్క గుడ్డముక్క కట్టడానికి బద్ధకించాడండీ వీడు, అని, తమ్ముడు పక్కనే ఉండి నవ్వేవాడు, నా మతిమరుపు తెలిసిందే కదా అనేవాడు, నేను ఆ నవ్వును వింటూ లెక్కగట్టుకున్నాను, వీడు నిజంగానే మర్చిపోయానని నమ్ముతున్నాడు, నొప్పిలో మనిషికి ముందు జరిగింది చెరిగిపోతుంది, పుస్తకాల్లో చదివాను, అలాంటి మతిమరుపుకు ఒక పేరు కూడా ఉంది, ఆ పేరు పట్టుకుని ముప్పై నాలుగేళ్ళు పడుకున్నాను, నా తప్పు వాడి మరుపు కింద కనబడకుండా ఉండిపోయింది, శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు.

టీ వచ్చింది, కాంట్రాక్టరు గ్లాసు నా ముందు పెట్టి రెండోది ఆవిడ ముందు పెట్టి తను గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాడు, ఆవిడ, మీది ఏదీ, అంది, నాకొద్దమ్మా, అన్నాడు, వద్దేంటి, గోడ కూల్చినవాళ్ళకు టీ ఇవ్వకూడదని కూడా ఆ పాలసీలో రాశారా, అంది, తన గ్లాసులోంచి సగం టిఫిను డబ్బా మూతలోకి ఒంపి బల్ల చివరికి తోసింది, అతను వచ్చి తీసుకున్నాడు, నేను రాశాను, పగులు తవ్వకం మొదలైన తరవాత ఏర్పడినది, లోపలి అంచుల్లో పాత దుమ్ము లేదు, దాని మీది రంగు పాలసీదారు పూయించినది, పూయించానని ఆయనే నా ముందు చెప్పారు, రాసి ఆగాను, మర్చిపోయానన్న మాట రాయాలా, రాయలేదు, కింద కారణం అన్న గడి, తవ్వకం వల్ల పక్క నేల సడలి గోడ కూలింది, రంగు నష్టానికి కారణం కాదు, అది నిజమే, రంగు ఏ గోడనూ కూల్చదు, కూలబోతోందని చెప్పే గుర్తును దాచిపెడుతుంది, అంతే, ఆ అంతే అన్నది కంపెనీ ఎలా తూస్తుందో నాకు తెలీదు, ఇలాంటివి కొన్ని పాసయ్యాయి, కొన్ని పోయాయి, కానీ పాతది అని రాస్తే తూయడానికి కూడా ఏమీ మిగలదు, సంతకం పెట్టాను, ఆవిడ తలెత్తి, ఏం రాశారండీ, అంది, కొత్తది అని రాశానమ్మా అన్నాను, ఆ మాట నేను పొద్దున్నే చెప్పానుగా, అంది, సూది ఆపకుండా.

కాగితాలు సంచీలో పెట్టబోతే తమ్ముడి ఫారం బయటికి వచ్చింది, తొమ్మిదో ప్రశ్న దగ్గర మడిచి ఉంది, నేను మడవలేదు, వాడే మడిచి ఇచ్చాడు, నిన్న చూడలేదు ఆ మడత, పెన్సిలు గీతలు లేతగా, ఏడాది, కుడిచెయ్యి, చివరి రెండు వేళ్ళు, ఆ పక్కన ఖాళీ, ఎనిమిది పేజీల్లో ఇంకెక్కడా ఖాళీ లేదు, పెళ్ళయిన తేదీ అడగని చోట కూడా రాసి పెట్టాడు, మర్చిపోయినవాడు అయితే గుడ్డ కట్టడం మరవడం వల్ల అని ఒక్క ముక్క రాసేవాడు, ఇంట్లో వెయ్యిసార్లు అందరి ముందూ చెప్పిన మాటే కదా, రాయడానికి ఏం కష్టం, ఎందుకు రాయలేదు, సంతకం పెట్టే కాగితం మీద అబద్ధం ఎందుకులే అనుకున్నాడా, అది నువ్వు రాయి అన్నయ్యా, కారణాలు రాసేవాడివి నువ్వే కదా, ఎదురుగా ఆవిడ దారం కొసన ముడి వేస్తోంది, చూడటం లేదు, కిటికీలోంచి గొయ్యికేసి చూస్తూ వేళ్ళతోనే వేస్తోంది, చుట్టి, దూర్చి, లాగి, ముడి వేసిన చేతికి తెలీదా, వేసిందో లేదో, కట్టిన తరవాతే కదా వాడు ఆ పళ్ళ మధ్య చెయ్యి పెట్టాడు, నాన్న చట్టం అంటే వాడికి నాకంటే భయం, పని అయ్యాక విప్పడం మరిచేవాడు తప్ప చెయ్యి పెట్టే ముందు కట్టడం ఏనాడూ మరవలేదు, అది నాకు తెలుసు, నాన్నకు తెలుసు, కోపంలో ఆయన మర్చిపోయాడు, చెక్కల సందుల్లోంచి అవతలివాళ్ళకు ఇవతల కనిపిస్తుంది, మీట కనిపిస్తుంది, మీట ముందు నిలబడ్డవాడు కనిపిస్తాడు, సైకిలు జిడ్డు చేతులతో, ఇంటర్వ్యూ చొక్కాతో, నన్ను పిలవబోయేంతలో నేను వెళ్ళిపోయి ఉంటాను, చెయ్యి తీసుకునేంతలో నాన్న వచ్చి ఉంటాడు, తరవాత మంచం మీంచి, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నాకేసి ఒకసారి చూసి, నాన్నకేసి తిరిగి, అప్పుడే, వేడి ఆరకముందే, అంచుల మీద దుమ్ము పడకముందే పూడ్చేసి, రంగు కలిసేదాకా ముప్పై నాలుగేళ్ళు తిరిగాడు.

టీ మీద మీగడ కట్టింది, ఆవిడ దారం కొరికి తెంపింది, నేను ఫారం మీద ఆ ఖాళీ దగ్గర పెన్ను మూత తీశాను.

వాడు గుడ్డ కట్టాడు. కట్టానని వాడికి తెలుసు.